అరకులోయలో సొంతయిల్లు

విశాఖపట్టణమున ఉదయమే బయలుదేరు కిరండూలు రైలు శృంగవరపుకోట దాటిన పిమ్మట కొండ నెక్కనారంభించును. ఒక సొరంగములోనుండి వెలువడి, లోయలోని పచ్చదనమును కన్నులార చూడబోవునంతలో మరియొక సొరంగము వచ్చిపడును. బైలదిల్లా కొండల ఇనుపరాతిని విశాఖ రేవునకు దింపుటకై 1960 దశకమున వేసిన మార్గమిది. రాతికొరకు వేసిన దారిలో నేడు అద్దపు కప్పుల పెట్టెలయందు కూర్చుండి జనము వినోదార్థము పోవుచున్నారు. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగూడ—ఒక్కొక్క స్టేషను దాటినకొలది గాలి చల్లబడును. ఎంతటి మాటకారులైనను కిటికీవైపు తిరిగి ఊరకుందురు.

మా పెట్టెలో మాత్రము మాటలు తగ్గలేదు. నా కెదురుగా కూర్చున్న యిద్దరక్కచెల్లెండ్రలో చిన్నామె మధురవాడలో ఫ్లాటు కొనబోవుచున్నదట. జీతములో సగము చొప్పున ఇరువదియేండ్లు బ్యాంకునకు కట్టవలెనట. “అప్పు తీరేసరికి నాకు అరవై వస్తాయే అక్కా” అని ఆమె దిగులు. “అద్దె కట్టిన సొమ్ము బూడిదలో పోసిన పన్నీరే కదే. గోడకు మేకు కొట్టుకోవాలన్నా ఇంటావిడ మొహం చూడాలి” అని పెద్దామె సమాధానము. ఈ సంభాషణ విననివారు మనలో నుండరు. ఇల్లు కట్టి చూడుమని పెద్దలు ఏనాడో హెచ్చరించినను, కట్టనివారిని లోకము ఇప్పటికిని ఒక మెట్టు దిగువనే నిలుపుచున్నది. సొంతయిల్లుగలవారు నిజముగా అద్దెవారికంటె సుఖముగా నున్నారా యను ప్రశ్నను ఆ రైలులో ఎవరును వేయలేదు. నేను దిగిన యూరు ఆ ప్రశ్నకు ఒక విచిత్రమైన ప్రత్యుత్తరము కలిగియున్నది.

అరకులో మా పినతల్లి కూతురు నర్సుగా పనిచేయుచున్నది. ఆమె యింటనే నాలుగుదినము లుంటిని. ఇల్లనగా రెండుగదులు, ముందొక చిన్న వసారా, వెనుక నీళ్లకుండీ. ఇంటి యజమానురాలు కొండదొర తెగకు చెందిన స్త్రీ. పెరటి యవతల తన పాత పెంకుటింట కాపురముండి, ఈ క్రొత్త గదులను అద్దెకిచ్చినది. మైదానమున కొండవారికి ఇల్లు అద్దెకిచ్చువారు వెనుకముందులాడుదురు, కులమడుగుదురు, వంట యేమని యడుగుదురు. ఇచ్చట లెక్క తలక్రిందులు. చదువుకొన్న ఉద్యోగిని అద్దెకున్నది. సంతకము పెట్టుట యీ మధ్యనే నేర్చుకొన్న కొండయామె ఇంటిగలామె. మా చెల్లెలికి ధనమున్నను ఆ యూరిలో చదరపు గజము నేల కొనుటకు వీలులేదు. ఆమెకే కాదు, గిరిజనులు గానివారి కెవ్వరికిని లేదు.

ఈ కట్టుబాటు నిన్నమొన్నటిది కాదు. కొండలమీది యమాయకులను అప్పులలో ముంచి భూములు లాగుకొనుచున్నారని తెలిసి, మద్రాసు ప్రభుత్వము 1917 లోనే ఏజన్సీ ప్రాంతపు భూముల బదిలీకి ఒక చట్టము చేసినది. దానిలో దొరతనమువారి యనుమతియను సందు ఒకటి యుండెను. స్వాతంత్ర్యానంతరము 1959 లో ఆంధ్రప్రదేశ్ 1వ నిబంధన వచ్చినది. 1970 లో దానిని బిగించిరి. నాటినుండి ఏజన్సీలో గిరిజనేతరుని చేతిలోనున్న భూమి గిరిజనుని యొద్దనుండి వచ్చినదేయని మొదట భావింపవలెను; కాదని రుజువుచేయు భారము వానిదే. అమ్మదలచిన గిరిజనేతరుడు సైతము గిరిజనునికే అమ్మవలెను. దీనిని 1988 లో సుప్రీంకోర్టు సమర్థించినది. 1997 లో ‘సమత’ వ్యాజ్యమున ఇంకొక యడుగు ముందునకు వేసి, ప్రభుత్వము సైతము ఇచ్చటి భూమిని బయటివారి గనులకు కౌలుకిచ్చుటకు వీలులేదని తీర్పుచెప్పినది. ఆ వివాదము పుట్టినది మనము రైలుదిగి గుహలు చూచు బొర్రా పరిసరములలోనే. గుహలోని రాతిలింగమును చూచి వచ్చువారిలో ఎందరికి ఈ సంగతి తెలియునో!

చట్టము ప్రకారము కౌలుకూడ బదిలీయే. చిన్నగదిని నెలయద్దె కిచ్చుట మాత్రము ఊరిలో వాడుకగా సాగుచున్నది. ఉపాధ్యాయులు, నర్సులు, బ్యాంకు గుమాస్తాలు మరెక్కడ నుందురు?

మా చెల్లెలికి ఆ యింట సుఖమా కష్టమా యని గమనించితిని. ఆమె సామాను రెండు పెట్టెలు, ఒక మంచము, పొయ్యి. బదిలీ యుత్తరువు వచ్చినచో ఒక వ్యానులో పట్టును. “ఇల్లు కారితే పెద్దమ్మ చూసుకుంటుంది అక్కయ్యా, నాకు బెంగ లేదు” అని నవ్వును. అద్దెయింటి సుఖమిదియే: కప్పు కారిన రాత్రి బాధ మనది, తెల్లవారిన పిదప బాధ ఇంకొకరిది. మరి నగరమున అద్దెకున్నప్పుడు ఆమె కింత నెమ్మది యుండెనా? లేదు. అచ్చట ప్రతియేట ఒప్పందము తిరుగవ్రాయవలెను. ఏడాదికి మించిన కౌలుపత్రము రిజిస్టరు చేయవలసియుండుటచే, ఆ ఖర్చు తప్పించుకొనుటకు మనవారు పదునొకండు నెలల పత్రము వ్రాయుదురు. పదునొకండవ నెల వచ్చుసరికి గుండె దడ. ఇంటిగలవారి కుమారునికి పెండ్లి కుదిరినను దడయే. వారికి ఆ గది కావలసివచ్చును గదా. ఇచ్చట పెద్దమ్మకు పత్రము లేదు, పదునొకండు నెలలు లేవు. ఎనిమిదేండ్లుగా ఆమె లేచిపొమ్మనలేదు, ఈమె పోలేదు.

ఇక పెద్దమ్మ సుఖమెట్టిది? ఒకనాటి సాయంకాలము ఆమె తన పాతయింటి గోడలకు ఎర్రమన్ను పూయుచుండగా దగ్గర కూర్చుంటిని. కొండయిండ్ల గోడ లెట్లు లేచునో ఆమె చెప్పినది. గడ్డితో కలిపి త్రొక్కిన మట్టిని ఒక్క వరుస పెట్టి ఎండనిత్తురు. అది గట్టిపడిన పిదప దానిమీద రెండవ వరుస. దూలములు మోయుటకు ఊరివారందరును వత్తురు; ఇంటివారు కూడు పెట్టుదురు. పూర్వము గడ్డికప్పు, తరువాత పెంకు, ఇప్పుడు రేకులు, స్లాబులు. గదబల పాతయిండ్లు గుండ్రముగా, కోసుగానున్న గడ్డికప్పుతో నుండెడివి. ఇప్పు డవి మిక్కిలి అరుదు. గోడ పెట్టుట మగవారి పనియైనను, ప్రతియేట వానలు వెలిసిన పిదప దానికి మన్ను మెత్తి, నేల అలుకుట ఆడువారి పని. రెండు వానకాలములు ఆ పని మానినచో మట్టిగోడ నిలువదు.

“ఈ ఇల్లు ఎంత చేస్తుంది పెద్దమ్మా?” అని అడిగితిని. ఆమెకు ప్రశ్న బోధపడలేదు. మరల వివరించితిని.

“ఎవులికి అమ్ముతానమ్మా? అమ్మేసి ఏటి సేస్తాను? ఎక్కడ పడుకుంటాను?” అని నావైపు జాలిగా చూచినది.

ఈ మాటలు వినుటకు ముచ్చటగా నున్నవి గాని, వానిలో నొక నష్టమును గలదు. కొండవాని యిల్లు కొండవానికే అమ్మవలెను గనుక దానికి పట్టణపు ధర రాదు. తాకట్టు పెట్టినను, బాకీ తీరనిచో వేలమున మరల గిరిజనుడే పాడవలెను. కావున అప్పిచ్చువారు ఆ కాగితమును చూచి ఉత్సాహపడరు. బిడ్డను దూరపు కళాశాలకు పంపవలెనన్నను, పెద్దరోగము వచ్చినను, మధురవాడ ఫ్లాటు ఆదుకొన్నట్లు అరకు ఇల్లు ఆదుకొనలేదు. చదువుకొన్న గిరిజన యువకులు కొందరు, ‘మా యాస్తికి మేమే ధర కట్టుకొనరాదా?’ అని యడుగుచున్నారు. వారి ప్రశ్న న్యాయమైనది. కాని ఏజన్సీ భూముల చరిత్ర యెరిగినవారు ఆ సందు తెరచుటకు జంకుదురు. కట్టుబాటు ఇంత గట్టిగానున్నప్పుడే విహారార్థులకై విడుదులు లేచుచున్నవి గదా; అది సడలినచో పెద్దమ్మ గోడకు మన్ను పూయుట కేమి మిగులును?

కట్టుబాటును దాటుటకు బయటివారు కనిపెట్టిన యుపాయములలో ఒకటి మన సోదరీమణులు ప్రత్యేకముగా తెలిసికొనదగినది. గిరిజన స్త్రీని పెండ్లియాడి, లేదా పెండ్లియాడినట్లు నటించి, ఆమె పేర భూమి కొని, ఇల్లు కట్టి, అంగడి పెట్టుట ఏజన్సీలో చిరకాలముగా నున్న వాడుక. పట్టా ఆమె పేర. తాళము ఆయన మొలత్రాట. అతనికి మైదానమున వేరొక సంసారము గూడ ఉండవచ్చును. రికార్డులో ఆమె యజమానురాలు, ఇంటిలో ఆమె పనిమనిషి. కాగితముమీద పేరుండుటతోనే స్త్రీకి ఇల్లు కలిగినదని సంబరపడువారు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొందురుగాక.

అయినను కాగితమును తీసివేయరాదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము విషయమున నాకు గల గౌరవమునకు కారణమిది. ఈ కొండలలో తరతరములుగా పోడు చేసికొని బ్రదుకువారికి, అడవి ప్రభుత్వముదైన నాటినుండి, తమ పొలములోనే తాము దొంగలు. పోడు మీద పెట్టిన నిర్బంధములు 1922లో అల్లూరి సీతారామరాజు వెనుక కొండవారు నిలుచుటకు గల కారణములలో ఒకటి. అరకు నేడున్న జిల్లాకు 2022 నుండి ఆయన పేరే పెట్టిరి. 2006 చట్టము, 2005 డిసెంబరు 13 నాటికి అడవిభూమి సాగుచేసికొనుచు దానిపై ఆధారపడిన గిరిజనునికి నాలుగు హెక్టారులకు, అనగా పది యెకరములకు కొంచెము తక్కువకు మించకుండ, హక్కుపత్ర మిమ్మన్నది. ఆ హక్కు బిడ్డలకు సంక్రమించును. అమ్ముటకు, ఇతరులకు బదలాయించుటకు వీలులేదు. పెండ్లియైనవారికి పత్రము భార్యాభర్త లిరువురి పేరను కలిపి యీయవలెను. వితంతువో, ఒంటరి స్త్రీయో ఇంటిపెద్దయైనచో ఆమె పేరనే యీయవలెను. చదువుకొన్న మన కుటుంబములలో ఇంటిపత్రముమీద భార్యపేరు వ్రాయించుటకు ఎన్ని యిండ్లలో ఎంత తర్జనభర్జన జరుగునో తలచుకొన్నప్పుడు, కొండమీది చట్టము మనకంటె ముందు నడచినదని యొప్పుకొనవలెను.

హక్కు స్థిరపడినచో మనిషి నడవడి ఎట్లు మారునో చూచుటకు అరకులోయ కాఫీతోటలకు పోవలెను. పోడు చేయువాడు ఈయేడు ఈ వాలున సామలు, చోళ్లు చల్లును. కొన్నాళ్లకు నేల అలసిపోగా మరియొక వాలునకు పోవును. కాఫీ అట్లు గాదు. మొక్క నాటిన మూడు నాలుగేండ్లకుగాని కాపు రాదు. నీడకు సిల్వరు ఓకు చెట్లు పెంచి, వానికి మిరియపు తీగ లెక్కింపవలెను. వచ్చే యేడు ఈ వాలు తనది కాదేమోయని భయపడువాడు ఇంత శ్రమ యేల పడును? 2019 లో ‘అరకులోయ అరబికా’ కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చినదని పత్రికలు ఘనముగా వ్రాసినవి. శీతకాలమున ఎర్రపండ్లు కోయు స్త్రీలను నేను చూచితిని; ఒక్కొక్క కొమ్మను వంచి, పచ్చికాయను వదలి పండును మాత్రమే త్రెంపుచుందురు. తమ తోటయైనచో ఆ నిదానము ఒకరు చెప్పనక్కరలేదని అందులో నొకామె చెప్పినది.

పేరుపేరున సొంతిండ్ల లెక్కలు తీయువారు కలరు. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున నూటికి సుమారు 87 కుటుంబములు సొంతయింటనే యున్నవి; పల్లెలలో 95, పట్టణములలో 69. ఈ లెక్క ప్రకారము మనము స్విట్జర్లండువారికంటె భాగ్యవంతులము! అచ్చట నూటికి సుమారు అరువదిమంది అద్దెయిండ్లలోనే యుందురు. జర్మనీలోను సగమునకు పైగా అంతే. రుమేనియాలో 1989 తరువాత ప్రభుత్వము తన యిండ్లను అందులో నున్నవారికే చౌకగా అమ్మివేయుటచే నూటికి తొంబదికి పైగా సొంతయింటివారే. అంతమాత్రమున స్విస్సు గృహిణి దుఃఖించుచు, రుమేనియా గృహిణి నవ్వుచు నున్నదని యెవరును చెప్పలేరు. జర్మనీలో అద్దెపత్రమునకు సామాన్యముగా గడువుండదు. తగిన కారణము చూపనిదే ఇంటిగలవాడు లేపుటకు వీలులేదు. పదునొకండవ నెల దడ అచ్చటి స్త్రీ యెరుగదు. మన జనాభా లెక్క విషయములో నాకు ఇంకొక చిన్న పేచీ యున్నది. అది కుటుంబమును లెక్కించినది. ఆ కుటుంబములో ఇల్లు ఎవరిదో అడుగలేదు. కారు గుడిసెయు, మేడయు ఒక్క గడిలోనే చేరినవి. మొగుడు పొమ్మన్నచో పోవలసిన యిల్లాలును ‘సొంతయింట’ నున్నట్లే వ్రాసికొనిరి.

సొంతమన్నంత మాత్రమున ఎవరును లేపరనుకొనుటయు పొరపాటే. అరకునకు పడమరగా ఒడిషా సరిహద్దున మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రమున్నది. 1955 నుండి అది కరెంటు నిచ్చుచున్నది. దానికొరకు జలాపుట్ వద్ద ఆనకట్ట కట్టినప్పుడు గదబలు, పరోజాలు మొదలైనవారి పల్లెలు, పొలములు, చుట్టలు నీట మునిగినవి. వేలకొలది జనము లేచిపోవలసివచ్చెను. కొందరికి మారుభూమి దొరకినది, పెక్కుమందికి దొరకలేదు. అద్దెకున్నవాడు అద్దె మిగిల్చి పోవును. వారు తాతల సమాధిరాళ్లను నీటిలో వదలి పోయిరి. గదబలు చచ్చినవారి పేర రాళ్లు నిలుపుదురు. ఆ రాళ్లచుట్టునే ఊరి పెద్దలు కూర్చుందురు. ఇల్లు మరల కట్టుకొనవచ్చును. ఆ రాళ్లకు బదు లేమున్నది? లోయలో పెక్కు పల్లెల పేళ్లచివర ‘వలస’ యని యుండుట చూచినప్పుడు, ఈ కొండలలో కాలు నిలుపుకొనుట ఎంత ప్రయాసయో తోచును. కరకవలస యని స్టేషను పలకమీద చదివి నవ్విన పిల్లలు మా పెట్టెలో నుండిరి.

నేను తిరిగివచ్చు ముందురోజున పెద్దమ్మ తన చిన్న యినుపపెట్టె తెరచి, ప్లాస్టిక్ కాగితములో మడచియుంచిన పోడుభూమి హక్కుపత్రమును చూపినది. భర్త గతించి ఆరేండ్లైనది. పత్రమున భర్తపేరు, దాని సరసన ఆమె పేరు. రెండు పేర్లలో తనది ఏదియో వ్రేలితో చూపినది. అంతవరకు సరియే, తరువాతి తరము మాటయే ఆమెకు పట్టుకొన్నది. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. కూతురు డిగ్రీ చదివినది. అల్లుడు విడిచిపెట్టగా పసిబిడ్డతో పుట్టింటికి వచ్చినది. మా చెల్లెలున్న రెండుగదులును ఆ కూతునకు వ్రాయవలెనని తల్లి కోరిక. ఆడపిల్లకు ఇల్లు వాకిలి ఇచ్చు ఆచారము మనలో లేదని కొడుకులును, వారి పెదతండ్రియు నందురట.

ఇచ్చట మైదానపు చట్టము ఆమెకు తోడురాదు. హిందూ వారసత్వ చట్టమును ఆంధ్రప్రదేశ్ 1986 లో సవరించి ఆడపిల్లకు పిత్రార్జితమున సమాన భాగమిచ్చినది. 2005 లో దేశమంతటికిని ఆ న్యాయమే వర్తించినది. కాని ఆ చట్టము షెడ్యూల్డు తెగలకు చెందదని అందులోనే వ్రాసియున్నది. గిరిజన కుటుంబమునకు ఆచారమే చట్టము. ఆచారమును కాపాడుట మంచిదే. ఎవరి యాచారమును, ఎవరు చెప్పగా, అని యడుగవలసియున్నది. 2025 జూలైలో సుప్రీంకోర్టు ఛత్తీస్‌గఢునకు చెందిన యొక గోండు కుటుంబపు వ్యాజ్యమున, ఆడువారికి వాటా లేదను ఆచారమును రుజువు చేయనప్పుడు వారికిని సమానభాగమీయవలసినదేయని తీర్పుచెప్పినది. ఈ సంగతి మా చెల్లెలు పెద్దమ్మకు చెప్పియున్నది. తీర్పు ఏ యూరివారిది, గోండులు మనకు చుట్టములగుదురా యని ఆమె రెండుమూడు మారులు అడిగి తెలిసికొన్నది.

“గ్రామసభలో అడుగుతానమ్మా. మా పెద్దోలు తిడతారు, తిట్టనీ. గోడకి మన్ను పూసింది నేనూ నా కూతురూ. కొడుకులు ఒక్కనాడు పూశారేమో అడగండి” అని పెద్దమ్మ పత్రమును మడచి మరల పెట్టెలో పెట్టినది. సభ వచ్చే నెలలోనట. అర్జీని మా చెల్లెలు వ్రాసిపెట్టుచున్నది. కూతునకు గదులు దక్కినచో తాను వేరొక యిల్లు వెదకికొనవలసివచ్చునని ఆమెకు తెలియును.